మంచుకీ ఓ టైమ్ టేబుల్ ఉంటుంది

మన సినిమా పాటల్లో మంచుకొండలకి ఒకటే పని. హీరోయిన్ పల్చటి షిఫాన్ చీరలో, హీరో మెడలో మఫ్లర్‌తో డ్యాన్స్ చేస్తుంటే వెనకాల తెల్లగా నిలబడటం. అవి చూసి పెరిగిన మనకి మంచు అంటే ఒక తెల్లటి పరదా. పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుందనుకుంటాం. మన కాలేజీ నుంచి బయటపడి, ఉద్యోగం పేరుతో అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి వచ్చి, డెన్వర్ పక్కనున్న రాకీ పర్వతాల్లో స్నేహితులతో తిరగడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఏమిటంటే, మంచు గంటగంటకీ మారే పదార్థం. ఉదయం ఆరింటికి అది రాయి. పదింటికి వెన్న. పన్నెండింటికి బురద. ఒక్కోసారి ఒంటిగంటకి కొండ మీంచి కదిలొచ్చే లారీ.

ఈ టైమ్ టేబుల్ తెలుసుకుని, దానికి తగ్గట్టు కొండెక్కి, జారుకుంటూ కిందికి దిగే ఆటే వసంతకాలపు బ్యాక్‌కంట్రీ స్కీ టూరింగ్. పేరు పొడుగ్గా ఉంది కానీ విషయం సులువు. మనం బీటెక్‌లో చదివిన హీట్ ట్రాన్స్‌ఫర్, సాయిల్ మెకానిక్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ అన్నీ ఈ ఒక్క ఆటలో కనబడతాయి. సిలబస్‌లో లేనిది ఇంకొకటి కూడా ఉంది. అసలు ఈ వ్యాసం దాని కోసమే. దాని దగ్గరికి మెల్లగా వద్దాం.

ముందు ఎక్కాలి, తర్వాతే జారాలి

మామూలు స్కీయింగ్ అంటే రిసార్ట్‌లో టికెట్ కొని, రోప్‌వే లాంటి లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్ళి, చదును చేసిన దారిలో జారడం. అక్కడ ప్రమాదకరమైన వాలుల్ని ఉద్యోగులు పొద్దున్నే పేలుడు పదార్థాలు పెట్టి ఖాళీ చేస్తారు. కాలు విరిగితే స్ట్రెచర్ వస్తుంది.

బ్యాక్‌కంట్రీలో ఇవేవీ ఉండవు. లిఫ్ట్ లేదు, దారి లేదు, కాపలా లేదు. మన కాళ్ళతోనే ఎక్కాలి. మరి జారడానికి చేసిన స్కీలతో కొండెక్కడం ఎలా? స్కీ అడుగున ‘స్కిన్’ అనే పట్టీ అంటిస్తారు. ఒకప్పుడు నిజంగానే సీల్ జంతువు చర్మం వాడేవాళ్ళు, అందుకే ఆ పేరు. ఇప్పుడు మోహెయిర్, నైలాన్‌తో చేస్తున్నారు. దాని మీది నూగు అంతా ఒకే వైపుకి వాలి ఉంటుంది. పిల్లి వీపుని తల నుంచి తోక వైపుకి నిమిరితే చెయ్యి నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే ఆగుతుంది కదా, అలాగే. ముందుకి జరిపితే జారుతుంది, వెనక్కి జారబోతే పట్టేస్తుంది.

రెండోది బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగం మాత్రమే రెండు పిన్నుల మధ్య ఇరుసులా తిరుగుతూ ఉంటుంది. మడమ పైకి లేస్తుంది కాబట్టి నడవొచ్చు. పైకి చేరాక స్కిన్ పీకేసి, మడమని లాక్ చేస్తే అదే స్కీ జారడానికి సిద్ధం. ఈ పిన్నుల పద్ధతిని 1980ల్లో ఆస్ట్రియాకి చెందిన ఫ్రిట్జ్ బార్టెల్ తయారుచేశాడు. కాళ్ళ మీద బరువు బాగా తగ్గిపోవడంతో ఆట స్వరూపమే మారింది.

ఎక్కే వేగం ఎంతంటే, మాలాంటి మామూలు మనుషులు గంటకి 300 నుంచి 400 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. అది కూడా 3,500 మీటర్ల పైన. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. నాలుగడుగులు గబగబా వేస్తే ఇంటర్లో పరుగు పందెం అయ్యాక వచ్చినంత ఆయాసం వస్తుంది. మూడు గంటలు ఎక్కి ఇరవై నిమిషాల్లో దిగిపోతారు. లెక్కగా చూస్తే శుద్ధ నష్టం. అయినా ఎందుకు చేస్తారంటే ఆ ఇరవై నిమిషాల మంచు అలాంటిది. దాని పేరు కార్న్.

డాబా మీద ఉక్కపోత, కొండ మీద కార్న్

శీతాకాలంలో పడ్డ మంచు పొడి పొడిగా ఉంటుంది. మార్చి చివరికొచ్చేసరికి పగటి ఎండకి పైపొర కరుగుతుంది, రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. ఇలా రోజూ కరిగి, గడ్డకట్టి, కరిగి, గడ్డకట్టి, చిన్న చిన్న స్ఫటికాలన్నీ కలిసిపోయి జొన్నగింజలంత గుండ్రటి గింజలవుతాయి. అందుకే కార్న్ అన్న పేరు. పొద్దున్నే ఈ గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని రాతిపలకలా ఉంటాయి. ఎండ తగిలాక పైన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే మెత్తబడి, అడుగున గట్టిగానే ఉన్న ఆ కాసేపు స్కీ వెన్న మీద కత్తిలా పోతుంది. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడు కూడా ఆ కాసేపు ఛాంపియన్‌లా కనిపిస్తాడు.

ఇదంతా జరగాలంటే రాత్రి మంచు గట్టిగా గడ్డకట్టాలి. ఇక్కడే మనవాళ్ళకి నచ్చే ఫిజిక్స్ ఉంది. రాత్రి గాలి ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోతేనే మంచు గడ్డకడుతుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. గాలి రెండు డిగ్రీలున్నా, ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు గడ్డకట్టేస్తుంది. మబ్బుంటే గాలి సున్నాకి దిగినా సరిగ్గా గడ్డకట్టదు.

కారణం రేడియేషన్. స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. సున్నా డిగ్రీల్లో ఉన్న మంచు ఉపరితలం చదరపు మీటరుకి సుమారు 315 వాట్ల వేడిని ఆకాశంలోకి పంపిస్తూ ఉంటుంది. పొడిగా, మబ్బు లేకుండా ఉన్న ఆకాశం తిరిగి పంపేది ఓ 225 అనుకుందాం. అంటే నికరంగా 90 వాట్ల నష్టం. ఎనిమిది గంటల రాత్రికి చదరపు మీటరుకి దాదాపు 26 లక్షల జౌళ్ళు. కిలో నీరు గడ్డకట్టాలంటే 3 లక్షల 34 వేల జౌళ్ళు బయటికి పోవాలి. భాగిస్తే, దాదాపు 8 కిలోల నీరు గడ్డకడుతుందన్నమాట. తడిసిన మంచులో ఘనపు మీటరుకి 50 కిలోల నీరు ఉందనుకుంటే, సుమారు 15 సెంటీమీటర్ల మందం పెచ్చు. మనిషి బరువు మోయడానికి బాగానే సరిపోతుంది. గాలి నుంచి వచ్చే వేడిని నేనిక్కడ వదిలేశాను కాబట్టి ఇది ఉరామరిగా వేసిన లెక్కే. కానీ పరిమాణం అర్థమవుతుంది.

అదే మబ్బు కమ్మితే? మబ్బు కూడా దాదాపు అంతే వేడిని తిరిగి పంపిస్తుంది. నికర నష్టం సున్నాకి దగ్గర. ఎండాకాలం డాబా మీద పడుకున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. చుక్కలు కనబడే రాత్రి తెల్లారుజామున దుప్పటి కావాలి, మబ్బు పట్టిన రాత్రి తెల్లవార్లూ ఉక్కపోతే. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకునేది నిర్మలమైన రాత్రుల్లోనే. కొండ మీదా అదే సూత్రం. అందుకే వసంతంలో స్కీకి వెళ్ళేవాడు రాత్రి పడుకునే ముందు చూడాల్సింది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, రాత్రి మబ్బు ఎంత ఉంటుందన్నది.

గంటల లెక్క

మేం తరచుగా వెళ్ళే చోటు సెయింట్ మేరీస్ గ్లేసియర్. డెన్వర్ నుంచి గంట ప్రయాణం. పేరులో గ్లేసియర్ ఉన్నా నిజానికి అది ఎండాకాలంలోనూ పూర్తిగా కరగకుండా మిగిలిపోయే మంచు మేట. దాని పైకెక్కితే విశాలమైన మైదానం, ఆ వెనక 4,000 మీటర్లు దాటిన జేమ్స్ పీక్. అక్కడ మే నెల మొదట్లో ఒక రోజు ఇలా నడుస్తుంది.

తెల్లారుజామున మూడున్నరకి అలారం. ఎంసెట్ కోచింగ్ రోజుల తర్వాత మళ్ళీ ఆ టైముకి లేచింది దీనికే. ఐదున్నరకి కొండ కింద బూట్లు బిగించుకుంటాం. అప్పుడు మంచు ఎంత గట్టిగా ఉంటుందంటే స్కీ పక్కలకి క్రాంపాన్ అనే ఇనుప పళ్ళు తగిలించుకోకపోతే వాలు మీద అడుగు నిలవదు. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా పైన ఉండాలి. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర. చలికి పులిహోర కాస్త బిరుసెక్కుతుంది కానీ అంత ఎత్తులో దాన్ని మించిన తిండి నాకింకా దొరకలేదు.

తర్వాత ఎదురుచూడటం. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి వెళ్తాడు కాబట్టి వాలులు కూడా ఆ వరసలోనే మెత్తబడతాయి. ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, ఆఖరికి పడమర. ఒక్కో వాలు బాగుండేది గంటో, గంటన్నరో. ముందుగా దిగితే రాతి మీద పళ్ళు కొట్టుకుంటాయి. ఆలస్యమైతే మోకాలి దాకా కూరుకుపోతాం. నెల ముదిరేకొద్దీ ఈ కిటికీ ముందుకి జరుగుతుంది. ఎందుకంటే కొత్త మంచు తన మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది, పాత వసంతపు మంచు చాలా తక్కువ తిప్పికొడుతుంది. దానికితోడు పడమటి ఎడారుల నుంచి ఎగిరొచ్చిన ఎర్రటి దుమ్ము కొలరాడో మంచు మీద పడి దాన్ని ఇంకా త్వరగా వేడెక్కిస్తుంది.

ఆ తిప్పికొట్టే ఎండతోనే ఇంకో చిక్కు. కింది నుంచి కూడా ఎండ తగులుతుంది. గడ్డం కింద, ముక్కుపుటాల లోపల కూడా చర్మం కమిలిపోతుంది. నల్లటి అద్దాలు లేకుండా ఒక పూట తిరిగితే రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది. మనది చామనఛాయ కదా, మనకేం కాదులే అనుకునేవాళ్ళకి మొదటి రోజే పాఠం అవుతుంది.

పిచ్చుక గూళ్ళు ఎందుకు కూలతాయి

చిన్నప్పుడు బీచ్‌లోనో, ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలోనో పిచ్చుక గూళ్ళు కట్టే ఉంటారు. పొడి ఇసుకతో గూడు నిలవదు. కాస్త తడి ఉంటే భేషుగ్గా నిలుస్తుంది, గింజల మధ్య నీటి తలతన్యత పట్టి ఉంచుతుంది. బకెట్ నీళ్ళు పోస్తే? గూడు జారిపోతుంది. మంచు గింజల మధ్య కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. కొంచెం నీరు బంధం, ఎక్కువ నీరు కందెన. పొద్దున కార్న్‌గా మురిపించిన వాలు మధ్యాహ్నానికి తన బరువు తనే మోయలేక జారిపోతుంది. దీన్నే తడి అవలాంచ్ అంటారు. మన పేపర్లు మంచు చరియలు విరిగిపడటం అని రాస్తాయి. పెద్ద వేగం ఉండకపోయినా సిమెంటు కాంక్రీటు కదిలొచ్చినట్టు వస్తుంది, దారిలో ఉన్నదాన్ని నలిపేస్తుంది.

అదృష్టవశాత్తు ఇది చాలావరకు చెప్పి వస్తుంది. వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతుంటే మొదటి హెచ్చరిక. స్కీ తీసేసి నిలబడితే బూటు చీలమండ దాటి దిగబడితే రెండోది. రాళ్ళ మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు మూడోది. వీటిలో ఏదొచ్చినా ఇంటికి పోవాల్సిన టైమ్ అయిపోయిందని అర్థం.

వాలు కోణం కూడా చూడాలి. ఎక్కువ అవలాంచ్‌లు 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లో వస్తాయి. అంతకంటే తక్కువైతే జారే శక్తి చాలదు. మరీ నిలువైతే మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. సాయిల్ మెకానిక్స్‌లో చదివిన షియర్ స్ట్రెంత్ ఇదే. చిక్కేమిటంటే స్కీకి సరదాగా ఉండేది కూడా సరిగ్గా ఆ కోణాలే. ఇంకోటి, మనం నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు. మన తల మీద వేలాడుతున్న వాలు ఎంత ఉందో కూడా చూసుకోవాలి.

2013 ఏప్రిల్ 20

వసంతం గురించి ఒక భ్రమ ఉంది. శీతాకాలం అయిపోయింది, ఇక ప్రమాదం మధ్యాహ్నం ఎండతోనే అని. ఆ భ్రమని పోగొట్టేది లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో జరిగిన సంఘటన.

కొలరాడోలో మంచు పల్చగా పడుతుంది, చలి ఎక్కువ. నేల దగ్గర సున్నా డిగ్రీలు, పైన మైనస్ ఇరవై. ఆ తేడా వల్ల అడుగు మంచులోంచి ఆవిరి పైకి పోతూ, కింద పంచదార పలుకుల్లాంటి గింజల పొర ఏర్పడుతుంది. వాటి మధ్య బంధం ఉండదు. దాని మీద నెలల తరబడి గట్టి మంచు పలకలు పేరుకుంటాయి. బేరింగు బాల్స్ మీద గ్రానైట్ పలక పెట్టినట్టన్నమాట. ఈ మంచు మొత్తం, పైనుంచి నేల దాకా, సున్నా డిగ్రీలకి చేరి, నీరు ఇంకి, మళ్ళీ గట్టిపడితే తప్ప అక్కడ నిజమైన వసంతం వచ్చినట్టు కాదు. క్యాలెండర్‌లో ఏప్రిల్ అని ఉండొచ్చు, మంచులో ఇంకా జనవరే ఉండొచ్చు.

2013 ఏప్రిల్‌లో అదే పరిస్థితి. ఆ నెలలో కొత్త మంచు బాగా పడింది. 20వ తేదీన ఆరుగురు బయల్దేరారు. అనుభవం లేనివాళ్ళు కాదు. ఆ రోజు అక్కడ జరుగుతున్న సమావేశం ఉద్దేశాల్లో అవలాంచ్ జాగ్రత్తల గురించి చెప్పడం కూడా ఒకటి. ఆ ఉదయపు అవలాంచ్ సూచన చదివారు, ఏ వాలు ప్రమాదకరమో మాట్లాడుకున్నారు. దాన్ని తప్పించుకుని సురక్షితమైన చోటుకి చేరడానికి ఆ వాలు కింది భాగాన్ని దాటుతున్నారు. మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ కూడా వదిలారు. కానీ ఆ ఖాళీ చాలలేదు. పైనున్న పలక మొత్తం విరిగి ఆరుగురి మీదా పడింది. ఐదుగురు చనిపోయారు. ఆరో వ్యక్తి సగం కూరుకుపోయి, కదల్లేక, గంటల తర్వాత బయటపడ్డాడు. 1962 తర్వాత కొలరాడోలో అంతమందిని ఒక్కసారిగా తీసుకుపోయిన అవలాంచ్ లేదు.

వాళ్ళకి సమాచారం ఉంది, చదువుంది, పరికరాలున్నాయి. ఒక్కొక్కరుగా దాటి ఉంటే, ఒకరు చిక్కుకుంటే ఐదుగురు తవ్వేవాళ్ళు. అందరూ ఒకేసారి వాలు కిందకి రావడంతో తవ్వడానికి ఎవరూ మిగల్లేదు.

పదిహేను నిమిషాలు

తవ్వడం అన్నాను. దాని లెక్క కూడా చెప్పాలి. 1994లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, అవలాంచ్‌లో పూర్తిగా కూరుకుపోయినవాళ్ళని 15 నిమిషాల్లోపు బయటికి తీస్తే వందలో 92 మంది బతుకుతారు. 35 నిమిషాలైతే 30 మంది. మధ్యలో గీత నిట్టనిలువుగా పడిపోతుంది. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ మొదటి గడువుని పది నిమిషాల దగ్గరికి తగ్గించాయి. ఊపిరాడకపోవడమే ప్రధాన కారణం.

హెలికాప్టర్ పదిహేను నిమిషాల్లో రాదు. ఫోన్ సిగ్నల్ ఉంటేనే కదా పిలవడం కూడా. కాబట్టి బతికించేది పక్కనున్న స్నేహితులు మాత్రమే. అందుకే ప్రతి ఒక్కరి ఒంటి మీదా మూడు వస్తువులుండాలి. ట్రాన్సీవర్, ప్రోబ్ అనే మడత కర్ర, పార.

ట్రాన్సీవర్ ఈసీఈ వాళ్ళకి ముద్దొచ్చే పరికరం. ప్రపంచమంతటా ఒకే ఫ్రీక్వెన్సీ, 457 కిలోహెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యం దాదాపు 650 మీటర్లు. పరికరం పనిచేసే దూరం నలభై, యాభై మీటర్లే. అంటే మనం వెతుకుతున్నది పూర్తిగా నియర్ ఫీల్డ్‌లో. అక్కడ రేడియో తరంగం కంటే అయస్కాంత క్షేత్రమే ప్రధానం. అందుకే బాణం గుర్తు మనిషి వైపు తిన్నగా తీసుకెళ్ళదు, ఫ్లక్స్ రేఖల వెంట వంపు తిప్పుతూ తీసుకెళ్తుంది. కంగారులో ఉన్నవాడు ఆ వంపు చూసి పరికరం పాడైందనుకుంటాడు. ముందే సాధన చేసినవాడు నమ్మి వెళ్తాడు. దగ్గరికి చేరాక ప్రోబ్‌తో పొడిచి చూడాలి, తర్వాత పారతో తవ్వాలి. ఆగిపోయిన అవలాంచ్ మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. ఘనపు మీటరు 400 కిలోల దాకా ఉంటుంది. మీటరు లోతులో ఉన్న మనిషి కోసం ఒక టన్ను మంచు ఎత్తిపోయాలి, అదీ పది నిమిషాల్లో. సీజన్ మొదట్లో మేం పార్కులో ఒక సంచిలో ట్రాన్సీవర్ పెట్టి పాతిపెట్టి, స్టాప్‌వాచ్ పెట్టుకుని వెతుకుతాం. పిల్లలు చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

సిలబస్‌లో లేని పాఠం

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ ఇంకొకటి. ఇయన్ మెకామన్ అనే పరిశోధకుడు అమెరికాలో 1972 నుంచి 2003 వరకు జరిగిన 715 అవలాంచ్ ప్రమాదాలు పరిశీలించాడు. చాలామంది తెలియక పోలేదు. ప్రమాదపు గుర్తులు కళ్ళ ముందే ఉన్నాయి, శిక్షణ కూడా చాలామందికి ఉంది. మరి ఎందుకు వెళ్ళారు? అతను ఆరు వలలు చెప్పాడు. మన భాషలోకి మారిస్తే ఇలా ఉంటాయి.

‘మనకి తెలిసిన చోటే కదా.’ ‘అందరూ మెచ్చుకుంటారు.’ ‘ఇంత దూరం వచ్చాం, ఇప్పుడు వెనక్కా?’ ‘అన్నకి అంతా తెలుసులే.’ ‘ఇవాళ కాకపోతే మళ్ళీ దొరకదు.’ ‘వాళ్ళు వెళ్ళారుగా, వాళ్ళకేమైంది?’

చదువుతుంటే ఇవి కొండ మీద మాటల్లా ఉన్నాయా, మన హాస్టల్ మాటల్లా ఉన్నాయా? ఈ ఆరింటిలో ఏ ఒక్కటీ మంచు గురించి కాదు. ఆరూ మన గురించే. ఫ్రెండ్స్‌తో వెళ్ళడం వల్లే ఆట అంత బాగుంటుంది, ప్రాణం పోయేలా ఉంటే కాపాడేదీ వాళ్ళే, అనుమానం వచ్చినా నోరు మెదపనివ్వని మొహమాటమూ వాళ్ళ దగ్గరే. అందుకే మా నలుగురం కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మేం కనిపెట్టినవి కావు, ఇక్కడి అవలాంచ్ కోర్సుల్లో చెప్పేవే.

ఒకటి, ఒక్కరు వద్దంటే అందరికీ వద్దే. కారణం చెప్పక్కర్లేదు, ఎగతాళి చెయ్యకూడదు. రెండు, వెనక్కి తిరగాల్సిన టైమ్ ముందు రోజు ఇంట్లోనే రాసుకోవాలి, కొండ మీద మార్చకూడదు. మూడు, 30 డిగ్రీలు దాటిన వాలు మీద ఒకసారి ఒక్కరే. నాలుగు, అభిప్రాయం అడిగినప్పుడు అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాడే ముందు మాట్లాడాలి. సీనియర్ ముందు మాట్లాడితే జూనియర్‌కి అభిప్రాయం మిగలదు.

ఈ నాలుగో నియమం ఎంత విలువైందో ఒక మే నెల పొద్దున చూశాం. రాత్రి మబ్బు తొలగలేదు. కారు దిగి నలుగురం మంచులో కర్ర గుచ్చి చూస్తే, గట్టిగా ఆగాల్సింది మెత్తగా దిగిపోయింది. అయినా ముగ్గురికి వెళ్దామనే ఉంది. నాలుగోవాడు మన కాలేజీ నుంచే వచ్చిన జూనియర్, వాడికది మూడో ట్రిప్పు. ముందు వాణ్ణే అడిగాం. కాసేపు నసిగి, ‘అన్నా, నాకెందుకో ఇవాళ బాలేదనిపిస్తోంది’ అన్నాడు. అంతే. స్కీలు మళ్ళీ కారెక్కాయి. డిక్కీ తెరిచి అక్కడే పులిహోర తిని వచ్చేశాం.

ఆ రోజు ఆ వాలు మీద ఏమీ జరగలేదు. మా కళ్ళ ముందే ఇంకో బృందం వెళ్ళింది, హాయిగా దిగొచ్చింది. అప్పుడు జూనియర్ మొహం చిన్నబోయింది. వాడికి అప్పుడు చెప్పినదే ఇక్కడా చెబుతున్నాను. క్షేమంగా వచ్చినంత మాత్రాన తీసుకున్న నిర్ణయం మంచిదని రుజువు కాదు. చదవకుండా పరీక్ష రాసి పాసైనవాడు, చదవక్కర్లేదని నేర్చుకుంటాడు చూడండి, కొండ కూడా అలాంటి తప్పుడు పాఠమే నేర్పుతుంది. పదిసార్లు పాస్ చేస్తుంది. పదకొండోసారి సప్లీ ఉండదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి

విదేశాలకి వెళ్ళేవాళ్ళలో కొందరికైనా మంచుకొండలు పక్కనే ఉంటాయి. ముందు ఒక సీజన్ రిసార్ట్‌లో జారడం నేర్చుకోండి. తర్వాత మూడు రోజుల అవలాంచ్ కోర్సు చెయ్యండి. పరికరాలు అద్దెకి దొరుకుతాయి. కొలరాడోలో రాష్ట్ర అవలాంచ్ సమాచార కేంద్రం సీజన్‌లో రోజూ సూచన ఇస్తుంది, అది చదవని రోజు వెళ్ళొద్దు.

మన దేశంలోనే నేర్చుకోవాలంటే కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో భారత ప్రభుత్వ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ కూడా స్కీ కోర్సులు నడుపుతుంది. హిమాలయాల అవలాంచ్ సూచనలు డీఆర్‌డీఓకి చెందిన చండీగఢ్ సంస్థ ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ పైన అవలాంచ్ వచ్చి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. అంటే అక్కడి మంచు కూడా ఇక్కడి సూత్రాల మీదే నడుస్తుంది.

మంచుతో మాకేం పని అనేవాళ్ళు కూడా ఉంటారు. మీ సెమిస్టర్ సెలవుల ప్లాన్లు చూసుకోండి. జలపాతం, రిజర్వాయర్, క్వారీ గుంట, సముద్రం. ఈతకి దిగిన విద్యార్థుల వార్త చదవని ఎండాకాలం మనకి ఏదైనా ఉందా? అక్కడ కూడా గట్టు మీద నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరికి బాలేదనిపించే ఉంటుంది. పిరికివాడంటారని ఊరుకుని ఉంటాడు.

ఈసారి ఎక్కడికి వెళ్ళినా, బయల్దేరేముందు గ్రూపులో అందరికంటే చిన్నవాణ్ణి ముందు అడగండి. వాడు ఆగుదామంటే ఆగండి. దానికి డిగ్రీ అక్కర్లేదు, పరికరం అక్కర్లేదు, మంచు కూడా అక్కర్లేదు.